పుస్తకం లేని ముఖచిత్రం

2014లో ఒక చెట్టు బొమ్మ ఇంటర్నెట్టులో ప్రపంచమంతా తిరిగింది. చూడగానే పాత వృక్షశాస్త్ర గ్రంథంలోంచి తీసిన పటంలా ఉంటుంది. పెద్ద చెట్టు ఇండో-యూరోపియన్ భాషా కుటుంబం, దాని పక్కన చిన్న చెట్టు యురాలిక్ కుటుంబం. కొమ్మల మీద స్పానిష్, రష్యన్, హిందీ, బెంగాలీ, స్వీడిష్, ఫిన్నిష్. ఎక్కువ మంది మాట్లాడే భాషకు పెద్ద ఆకుగుబురు, కొద్దిమంది మాట్లాడే భాషకు చిన్న గుబురు. ఆ బొమ్మ చూసిన తెలుగువారు అందులో తెలుగు కోసం తప్పకుండా వెతికి ఉంటారు. దొరకదు. ద్రావిడ కుటుంబానికి ఆ పటంలో చోటే లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే ఆ బొమ్మ ఎక్కడిదో తెలియాలి. అది ఒక వెబ్‌కామిక్‌లోని, అంటే ఇంటర్నెట్టులో పేజీలవారీగా వచ్చే బొమ్మల కథలోని పేజీ. మిన్నా సుండ్‌బర్గ్ అనే చిత్రకారిణి 2013 నుంచి 2022 దాకా వెబ్‌లో గీసిన ‘స్టాండ్ స్టిల్, స్టే సైలెంట్’ కథలో ఒక మహమ్మారి పాత ప్రపంచాన్ని తుడిచిపెట్టేస్తుంది. తొంభై ఏళ్ల తర్వాత ఉత్తర ఐరోపా దేశాల్లో మిగిలిన జనంలోంచి ఒక చిన్న బృందం బయలుదేరుతుంది. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ భాషలు అక్కచెల్లెళ్లు. వాటిలో మొదటి మూడింటిని మాట్లాడేవారు ఒకరి మాట ఒకరు ఎంతో కొంత పట్టుకోగలరు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుర్రవాడికి మాత్రం తన భాష తప్ప మరొకటి రాదు, ఆ భాషకు మిగిలినవాటితో చుట్టరికం లేదు. బృందంలో ఉంటూనే అతను ఒంటరి. ఈ సంగతిని సంభాషణల్లో చెప్పాలంటే ఎవరో ఒకరు నిలబడి పాఠం చెప్పాలి, కథ ఆగిపోవాలి. దాని బదులు సుండ్‌బర్గ్ కథ మధ్యలో ఒక పూర్తి పేజీలో రెండు చెట్లు గీసింది. ఆ కుర్రవాడి ఒంటరితనం అర్థం కావడానికి కావలసినవి ఆ రెండు కుటుంబాలే. అందుకే మూడో చెట్టు లేదు.

పని త్వరగా తెమలాలని కత్తెర పట్టుకున్న సంపాదకుడెవరైనా ముందుగా కోసేసేది ఇలాంటి పేజీనే. ఇందులో ప్యానెళ్లు, అంటే కథను నడిపే బొమ్మల గళ్లు లేవు, సంఘటన లేదు, కథ ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు. వెబ్‌కామిక్స్‌లో ముఖచిత్రాల మీద, అధ్యాయాల మొదట వచ్చే బొమ్మల మీద చాలా కాలంగా ఉన్న అనుమానం కూడా ఇదే. పుస్తకమే లేనప్పుడు ముఖచిత్రం దేనికి? దుకాణం లేదు, అల్మారా లేదు, అట్ట లేదు. వారానికి మూడు పేజీలు గీయడానికే చేతులు నొప్పెడుతున్న మనిషి ఒక పేజీని కథ లేని బొమ్మకు ఖర్చు పెట్టడం న్యాయమేనా? న్యాయమేనని నా నమ్మకం. కానీ ‘అందంగా ఉంటుంది కదా’ అన్న జవాబు సరిపోదు. ముఖచిత్రం చేసే పనులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. వాటిని ముందు విడదీయాలి.

అచ్చు పత్రికకు ముఖచిత్రం ఒకేసారి మూడు పనులు చేసేది. రైల్వే స్టేషన్ దుకాణంలో తీగకు వేలాడుతూ దారిన పోయేవాణ్ణి పిలిచేది. లోపల ఏ లోకం ఉందో రుచి చూపించేది. నెల మారిందని, కొత్త సంచిక వచ్చిందని చెప్పేది. వడ్డాది పాపయ్య గీసిన ముఖచిత్రం చూసి ‘చందమామ’ కొనిపించుకున్న పిల్లలకు ఈ మూడూ ఒకటే అనుభవం. వెబ్‌లో ఈ మూడు పనులూ మూడు ముక్కలై వేర్వేరు చోట్లకు వెళ్లిపోయాయి. ‘ముఖచిత్రం అవసరమా’ అని వాదించుకునేవారు తరచుగా మూడు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతుంటారు.

పిలిచే పని థంబ్‌నెయిల్‌కు, అంటే జాబితాలో కనిపించే చిన్న బొమ్మకు పోయింది. దీని చరిత్ర కొరియాలో ఉంది. అక్కడ దావుమ్ సంస్థ 2003లో, నేవర్ సంస్థ 2004లో వెబ్‌టూన్లు (కొరియా వెబ్‌కామిక్స్‌ పేరు ఇదే) మొదలుపెట్టాయి. 2003లోనే కాంగ్ ఫుల్ అనే చిత్రకారుడు పేజీలుగా కాకుండా పైనుంచి కిందికి జారే పొడవాటి పటంలా ఒక దీర్ఘకథను నడిపాడు. ఆ పద్ధతి నిలిచింది, ఫోన్లు వచ్చాక ప్రపంచమంతా పాకింది. పేజీ మాయమైనప్పుడు దానితోపాటు మొదటి పేజీ కూడా మాయమైంది. అధ్యాయం తలుపు దగ్గర నిలబెట్టే బొమ్మకు చోటు లేకుండా పోయింది. పెట్టినా బొటనవేలి కింద అర సెకనులో జారిపోతుంది. దాని బదులు యాప్‌లోని జాబితాలో ప్రతి భాగం పేరు పక్కనా ఒక చిన్న బొమ్మ వచ్చి కూర్చుంది. ‘వెబ్‌టూన్’ అనే పేరుతోనే ఉన్న యాప్‌లో ఎవరి కథ వారే పెట్టుకునే విభాగంలో ఆ బొమ్మకు సూచించే కొలత 160 పిక్సెళ్ల వెడల్పు, 151 ఎత్తు. ఫోను తెర మీద తపాలా బిళ్లంత.

తపాలా బిళ్లలో ఏం పడుతుంది? ఒక ముఖం, లేదా ఒక చెయ్యి, లేదా ఒక రంగు. న్యూజిలాండ్ చిత్రకారిణి రేచెల్ స్మైత్ 2018లో మొదలుపెట్టిన ‘లోర్ ఒలింపస్’ దీనికి మంచి ఉదాహరణ. గ్రీకు పురాణంలోని పెర్సెఫొనీ ఒళ్లంతా గులాబీ రంగు, పాతాళాధిపతి హేడీస్ ఒళ్లంతా నీలం. కళ్లూ ముక్కూ కనిపించనంత చిన్న బొమ్మలో కూడా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. రెండు రంగులు పక్కపక్కన పడితే చాలు, కథ ఏదో పాఠకుడికి గుర్తొస్తుంది. ఆ కథకు 2022, 2023, 2024లో వరసగా మూడేళ్లు, కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ పురస్కారం వచ్చింది. రంగు ఒక్కటే కారణమని ఎవరూ అనరు. కానీ ముఖచిత్రం చేయాల్సిన రెండో పనిని, లోపలి లోకాన్ని రుచి చూపించడాన్ని, ఆమె కథలోని ప్రతి ప్యానెల్ చేత చేయించింది, ఇది నేర్చుకోవలసిన విద్య.

థంబ్‌నెయిల్‌కు ఒక ప్రమాదం ఉంది, అచ్చు ముఖచిత్రానికి లేనిది. పాత సంచిక కొత్తది రాగానే దుకాణంలోంచి వెళ్లిపోయేది. జాబితా ఎప్పటికీ వెళ్లదు. ఈ రోజు మొదటి భాగం తెరిచిన పాఠకుడికి నూట యాభయ్యో భాగం బొమ్మ కూడా కింద కనిపిస్తూనే ఉంటుంది. అందులో ఇద్దరు చేతులు పట్టుకుని ఉంటే, వాళ్లు కలుస్తారా లేదా అన్న నూట నలభై తొమ్మిది భాగాల ఆత్రుత అక్కడే ఆవిరి. చనిపోయాడనుకున్నవాడి ముఖం కనిపిస్తే చెప్పనే అక్కర్లేదు. జాగ్రత్తగా పనిచేసేవారు అందుకే వస్తువును చూపిస్తారు, మనిషిని దాచుతారు: విరిగిన గాజు, ఖాళీ కుర్చీ, తలుపు సందులోంచి పడే వెలుతురు. ఆ భాగం చదివినవాడికి అది జ్ఞాపకం, చదవనివాడికి ప్రశ్న.

ఇక కాలం మారిందని చెప్పే పని. నా దృష్టిలో అసలు విలువ ఇక్కడుంది, దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు.

బ్రిటన్‌లో టామ్ సిడెల్ 2005 నుంచి ‘గన్నర్‌క్రిగ్ కోర్ట్’ అనే వెబ్‌కామిక్ గీస్తున్నాడు. మొదట్లో యానిమేషన్ ఉద్యోగం చేసుకుంటూ గీశాడు, 2012లో ఉద్యోగం మానేసి దీనికే పూర్తిగా కూర్చున్నాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కో పేజీ. ప్రతి అధ్యాయానికీ మొదట ఒక శీర్షిక పేజీ. అధ్యాయాలు ఎనభై దాటాయి. లెక్క వేసి చూడండి: వారానికి మూడు పేజీలు గీసే మనిషి ఎనభై శీర్షిక పేజీలు గీశాడంటే దాదాపు ఇరవై ఏడు వారాల పని, అంటే అర్ధ సంవత్సరం, కథ నడవని పేజీలకు ఇచ్చాడు.

ఆ అర్ధ సంవత్సరం వృథానా? అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. రోజూ వచ్చి చదివే పాఠకుడు బుధవారం పొద్దున పేజీ తెరుస్తాడు. సోమవారం పేజీ చివర ఎవరో తలుపు తట్టారు. ఇవాళ ఆ తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోదు, కొత్త అధ్యాయం బొమ్మ ఉంటుంది. నిరాశ సహజం. శుక్రవారం దాకా అతనికి మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే, కాబట్టి దాన్ని తదేకంగా చూస్తాడు. మూలన ఉన్న పిట్ట ఏమిటి, ఆమె చేతిలో ఉత్తరం ఎవరిది అని తోటి పాఠకులతో కలిసి ఊహిస్తాడు. కథ రాని ఆ రోజే అతను కథ గురించి అన్ని రోజులకంటే ఎక్కువ ఆలోచించే రోజు అవుతుంది.

ఐదేళ్ల తర్వాత వచ్చి మొదటి నుంచి ఏకబిగిన చదివే పాఠకుడి సంగతి పూర్తిగా వేరు. అతనికి నిరీక్షణ లేదు. ముప్ఫై పేజీల అధ్యాయాన్ని రోజువారీ పాఠకుడు పది వారాలు చదివితే, ఇతను పది నిమిషాల్లో దాటేస్తాడు. ‘తర్వాత’ అన్న మీట నొక్కడం ఒక్కటే తెలుసు. రాత్రి పన్నెండు దాటినా ఆగడానికి చోటు కనిపించదు. అతనికి శీర్షిక పేజీ నడిదారిలో ఉన్న మైలురాయి లాంటిది. ఇక్కడ ఒక ముడి పడింది, ఇక ఇంకోటి మొదలవుతుందని చెబుతుంది. ఊపిరి తీసుకోమంటుంది. కథలో మధ్య ఆరు నెలలు గడిచి ఉంటే, ‘ఆరు నెలల తర్వాత’ అని రాయనక్కర లేకుండా చెట్టుకు ఆకులు రాల్చి చూపిస్తుంది. సంవత్సరాల తర్వాత ఒక దృశ్యాన్ని మళ్లీ వెతుక్కోవాలన్నా మనకు గుర్తుండేది పేజీ అంకె కాదు, ‘ఎర్ర గొడుగు బొమ్మ ఉన్న అధ్యాయం’.

ఈ రెండు రకాల పాఠకులకూ ఒకే బొమ్మ రెండు వేర్వేరు మేళ్లు చేస్తోంది. రోజువారీ పాఠకుడి నిరాశను తగ్గించాలంటే దారి ఉంది: శీర్షిక బొమ్మనూ కథలోని మొదటి పేజీనీ ఒకే రోజు పెట్టాలి. లేదా అధ్యాయాల మధ్య విరామం తీసుకునే వారంలో, ఎలాగూ కథ రాని రోజున, బొమ్మను పెట్టాలి. విరామ కాలంలో చిత్రకారుడు రాబోయే పేజీలు ముందుగా గీసి దాచుకుంటాడు, ఆ బొమ్మ అప్పటిదాకా ఇంటికి కాపలా ఉంటుంది.

తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1947లో మద్రాసు నుంచి మొదలైన ‘చందమామ’లో బేతాళ కథల పైన శంకర్ గీసిన బొమ్మ ఎవరు మరిచిపోగలరు? కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవం, చుట్టూ శ్మశానం. ప్రతి నెలా కథ కొత్తది, బొమ్మలోని సందర్భం పాతదే. ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడు కూడా ఆ పుట దగ్గర ఆగేవాడు. అది చదివించడానికి ఎవర్ని బతిమాలుకోవాలో కూడా వాడికి తెలుసు. శీర్షిక చిత్రంలో పునరుక్తికి ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రతి అధ్యాయానికీ సరికొత్త అద్భుతం గీయనక్కర లేదు. ఒక చట్రం నిలబెట్టి లోపల ఒక్క వివరం మారిస్తే చాలు, పాఠకుడి కన్ను ఆ తేడాను వెంటనే పట్టుకుంటుంది. ఓపిక ఉన్న రోజున మహాచిత్రం గీసి ఆ తర్వాత నాలుగు అధ్యాయాలకు ఏమీ లేకుండా వదిలేసేవారికంటే, చిన్నదైనా క్రమం తప్పని బొమ్మ గీసేవారి వైపే నా మొగ్గు.

వారపత్రికల సీరియళ్లదీ ఇదే కథ. ప్రతి వారం పేరూ బొమ్మా కలిసి ఒకే చేతిలోంచి వచ్చేవి. ఇంట్లో ఆ కాగితాలు చింపి దాచి, ఏడాది చివర బైండు చేయించేవారు. అదే సీరియల్ తర్వాత నవలగా వస్తే చాలాసార్లు బొమ్మలన్నీ పోయేవి, పైన ఒక అట్ట బొమ్మ మిగిలేది. చదివినవారికి ఆ నవల అదే అయినా ఎక్కడో ఏదో తక్కువైనట్టు ఉండేది. బైండు చేసిన పుస్తకంలో కాలం ఉంది. నవలలో కథ మాత్రమే ఉంది.

శీర్షిక పేజీకి ఇంకో శక్తి ఉంది: ప్రధాన కథ వెళ్లలేని చోటికి అది వెళ్లగలదు. దీన్ని అందరికంటే ధైర్యంగా వాడుకున్నది జపాన్ చిత్రకారుడు ఎయిచిరో ఓడా. వెబ్‌లో పుట్టింది కాకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు. 1997లో మొదలైన ‘వన్ పీస్’లో అధ్యాయం మొదటి పేజీని అతను ఒక ఉపకథకు ఇచ్చాడు. వారానికి ఒక్క బొమ్మ. నాయకుడి ఓడ ముందుకు వెళ్లిపోయాక వెనకబడ్డ మనుషులు ఏమయ్యారో ఆ బొమ్మల వరస చెబుతుంది. కోబీ అనే పిరికి కుర్రవాడు నౌకాదళంలో గార్ప్ అనే అధికారి దగ్గర కఠిన శిక్షణ పొందడం అలాగే శీర్షిక పేజీల్లో జరుగుతుంది. మూడు వందలకు పైగా అధ్యాయాల తర్వాత అతను ప్రధాన కథలోకి తిరిగి వస్తాడు. శీర్షిక పేజీలు చూడకుండా తిప్పేసినవాడికి అతను ఎప్పుడు మారాడో అర్థం కాదు. టీవీ యానిమేషన్‌లో అధ్యాయ చిత్రమనే చోటు లేదు కాబట్టి ఆ కథ కోసం విడిగా భాగాలు చేయాల్సి వచ్చింది. జపాన్ కామిక్స్ కోసం 2019లో వచ్చిన మాంగా ప్లస్ యాప్‌లో ఇప్పుడు ఆ పేజీలను మన దేశంలోనూ ఫోనులో చదువుతున్నాం.

వెబ్‌లో పుట్టినవారు ఆ స్వేచ్ఛను ఇంకో వైపుకు తీసుకెళ్లారు. యాష్లీ కోప్ 2010లో మొదలుపెట్టిన ‘అన్‌సౌండెడ్’లో కొన్ని ఘట్టాల్లో బొమ్మ పేజీ అంచు దాటి, వెబ్‌సైటు నేపథ్యం మీదికి పొంగి వస్తుంది. అక్కడ వెబ్‌సైటే అట్ట, అట్టే కథ. దాన్ని అచ్చు వేయాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

అచ్చు మాట వచ్చింది కాబట్టి డబ్బు గురించి. అమెరికాలో ఫిల్, కాజా ఫోగ్లియో దంపతుల ‘గర్ల్ జీనియస్’ 2001లో మామూలు అచ్చు కామిక్‌గా మొదలైంది. 2005లో వాళ్లు విడి సంచికలు మానేసి వెబ్‌లో వారానికి మూడు పేజీలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత వాటినే సంపుటాలుగా అమ్మారు. 2009, 2010, 2011లో వరసగా, సైన్స్ ఫిక్షన్‌కు పేరొందిన హ్యూగో పురస్కారాలు వచ్చాయి. ఇక్కడ కొనేవాడి స్థితి గమనించాలి. లోపలిదంతా అతను ముందే ఉచితంగా చదివేశాడు. అతను కొనేది చేతిలో పట్టుకోగల వస్తువును. ఆ వస్తువును వస్తువు చేసేది ముఖచిత్రం, లోపలి అధ్యాయ చిత్రాలు. అవి లేకపోతే మిగిలేది తెర మీద చూసిన పేజీల కట్ట.

కిందికి జారే వెబ్‌టూన్‌కు ఈ ఇబ్బంది రెట్టింపు. ‘లోర్ ఒలింపస్’ మొదటి అచ్చు సంపుటంలో మొదటి ఇరవై ఐదు భాగాలున్నాయి. ఆ పొడవాటి పటాన్ని ముక్కలు చేసి పేజీల్లో కొత్తగా అమర్చాలి, ఆగే చోట్లు కొత్తగా కనిపెట్టాలి. మొదటి నుంచీ అధ్యాయానికి ఒక బొమ్మ గీసి పెట్టుకున్నవారికి ఆ చోట్లు సిద్ధంగా ఉంటాయి.

ఇంకో చిన్న ఆర్థిక రహస్యం: శీర్షిక చిత్రంలో సంభాషణల బుడగలు ఉండవు. ముందు వెనకల కథ తెలియకపోయినా అది గోడ మీద నిలుస్తుంది. పోస్టరుగా, పోస్టుకార్డుగా, నెలవారీ చందాదారులకు పంపే పెద్ద బొమ్మగా మారగలదు. మొదట చెప్పిన భాషల చెట్టు కూడా పోస్టరుగా అమ్ముడుపోయింది. కథలోని మామూలు పేజీకి ఆ రెండో జీవితం దొరకడం కష్టం.

కానీ ఈ రెండో జీవితం కోసం మొదటి రోజే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. వెబ్‌టూన్‌కు గీసే బొమ్మ వెడల్పు 800 పిక్సెళ్లు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ బొమ్మను నాణ్యంగా అచ్చు వేస్తే వెడల్పు మూడు అంగుళాలు కూడా రాదు. పెద్దగా గీసి చిన్నది చేసుకోవచ్చు, చిన్నగా గీసి పెద్దది చేసుకోలేం. రంగులదీ అంతే: తెర వెలుగుతో మెరిసే నీలం, గులాబీ, చిలకాకుపచ్చ కాగితం మీద నాలుగు రంగుల సిరాలతో అచ్చయ్యేసరికి వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అంచు దగ్గర కత్తిరింపు కోసం కనీసం మూడు మిల్లీమీటర్ల బొమ్మ అదనంగా ఉండాలి. ఇవి తెలియక, ఐదేళ్ల శీర్షిక చిత్రాలన్నీ పుస్తకం కోసం తిరిగి గీయాల్సి వస్తే ఆ శ్రమ భరించడం కష్టం.

ఒక్క విషయంలో మాత్రం శీర్షిక చిత్రాలను వ్యతిరేకించేవారితో నేను ఏకీభవిస్తాను. లోపలి పేజీల స్థాయిని మించిన ఆడంబరం పాఠకుడికి అబద్ధం చెబుతుంది. అమెరికా అచ్చు కామిక్స్‌లో ముఖచిత్రం ఒకరు, లోపల ఇంకొకరు గీయడం మామూలే, పాఠకులకూ అలవాటే. వెబ్‌కామిక్ అలా కాదు. అది ఒక మనిషి చేతిరాతతో ఏళ్ల తరబడి సాగే స్నేహం. గుమ్మంలో ఒక చెయ్యి, నట్టింట్లో ఇంకో చెయ్యి కనిపిస్తే నమ్మకం సడలుతుంది.

తెలుగులో బొమ్మల కథలు గీసి వెబ్‌లో పెట్టాలనుకునేవారికి మన లిపి ఒక ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో పెట్టెల్లా పేర్చుకోవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తులు. ‘స్త్రీ’ అని రాస్తే మూడు అంతస్తులు. శీర్షిక పేజీలో ఇదంతా సౌందర్యం. ఒత్తును తీగలా సాగదీయవచ్చు, దీర్ఘాన్ని కత్తిలా ఎత్తవచ్చు, బాపు అక్షరాలు చూసి పెరిగినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. కానీ అదే అక్షరాలు తపాలా బిళ్లలోకి కుదిస్తే ఒత్తులన్నీ కలిసిపోయి మరకలా కనిపిస్తాయి. కాబట్టి చిన్న బొమ్మలో అక్షరాలు పెట్టకండి. పేరును యాప్ ఎలాగూ పక్కనే చూపిస్తుంది. శీర్షిక పేజీలో అక్షరాలను బొమ్మతో కలిపేయకుండా వేరే పొరలో దాచుకోండి. రేపు ఆ కథను తమిళంలోకో ఇంగ్లీషులోకో తీసుకెళ్లాలంటే, పోస్టరుగా వేయాలంటే, అక్షరాల కింద ఉన్న ఆకాశాన్ని మళ్లీ గీయనక్కర లేకుండా ఉంటుంది.